పంతొమ్మిదో వార్డు: పొయ్యిలు సున్నా

సెప్టెంబరు 28

ఉప్పలరేవు పురపాలక సంఘం. సముద్రతీర పట్టణం. ఉష్ణమండల వాతావరణం. ఏడాదిలో ఏడు నెలలు ఎండ, మూడు నెలలు వాన, మిగిలిన రెండు నెలలు తుపాను భయం. (ఆ చివరి ముక్క రాసి కొట్టేశాను. పరిచయంలో భయం అనే మాట ఉండకూడదట.) విస్తీర్ణం పద్దెనిమిది చదరపు కిలోమీటర్లు. వార్డులు పంతొమ్మిది. నివాసులున్న వార్డులు పద్దెనిమిది. ముఖ్యమైన వృత్తులు: ఉప్పునీటిని మంచినీరు చేయడం, నాచు సాగు, సముద్రాన్ని ఆపే గోడ మరమ్మతు, కొంతవరకు చేపల వేట.

ఈ నాలుగు ముక్కలూ ప్రతి నెలాఖరుకూ సరిచూసి దాఖలు చేయడం నా ఉద్యోగం. నన్ను పరిచయ లేఖకురాలు అంటారు. పూర్వం ఊళ్ళ పరిచయాలు ఎవరూ చదివేవారు కాదట, ఊరికే రాసి పడేసేవారట. ఇప్పుడూ మనుషులు చదవరు. గోడ తలుపులు చదువుతాయి, నీటి పంపులు చదువుతాయి, బస్సులు చదువుతాయి. ఫలానా వార్డులో జనం ఉన్నారని రాస్తే పంపు నీళ్ళు వదులుతుంది, లేరని రాస్తే వదలదు. దానికి ఎవరిమీదా పంతం లేదు. నేను రాసిందే దానికి లోకం.

ఈ దినచర్య పుస్తకాన్ని మాత్రం ఏ యంత్రమూ చదవదు. లేఖకులు దీన్ని చేత్తోనే రాయాలని నియమం. ఎప్పుడైనా తప్పు జరిగితే ఎక్కడ జరిగిందో వెతుక్కోవడానికట. ఇరవై రెండేళ్ళుగా ఇందులో ఉక్కపోత గురించీ కమిషనర్ల బదిలీల గురించీ రాస్తూ వచ్చాను. ఈ రోజు తప్పు గురించి రాస్తున్నాను. తప్పు నాదే.

పంతొమ్మిదో వార్డు ఖాళీ కాదు. గోడకు అవతల, ఇసుక మీద, అరవై మూడు ఇళ్ళున్నాయి. రెండు వందల నలభై ఒక్క మంది ఉంటున్నారు, అందరూ వేటకు వెళ్ళే కుటుంబాల వాళ్ళే. ఏడాదికోసారి వచ్చే లెక్కల డేగ మార్చిలో వారం రోజులు ఊరి మీద తిరిగింది. డేగ అంటే రెక్కల యంత్రం, జనం పెట్టిన పేరు అది. ఇళ్ళలోకి కెమెరాతో తొంగిచూడకూడదని జనం గొడవ చేసినప్పటి నుంచీ అది పొయ్యిల వేడి మాత్రమే లెక్కపెడుతుంది. పొయ్యి వెలిగితే అక్కడ ఇల్లున్నట్టు, ఇంటికి ఇంతమంది అని అంచనా. పంతొమ్మిదో వార్డులో ఆ వారమంతా ఒక్క పొయ్యీ వెలగలేదు. "ఈ వార్డు ఖాళీ అయినట్టుంది. ధ్రువీకరించండి" అని నా తెర మీద అడిగింది.

ఆ సున్నాలు చూడగానే నాకు విషయం తెలిసిపోయింది. ఆ వీధి వాళ్ళు పొయ్యి మూశారు.

వేటకు వెళ్ళిన మనిషి తిరిగి రాకపోతే, శవం కూడా దొరక్కపోతే, ఆ వీధిలో ఇరవై ఒక్క రోజులు ఏ ఇంట్లోనూ పొయ్యి వెలిగించరు. పొయ్యి మీద ఖాళీ కుండ బోర్లిస్తారు. కుళాయి తిప్పరు, ఇసుకలో చెలమ తవ్వుకుని ఆ నీళ్ళే తాగుతారు. తీరం వెంబడి పక్క ఊళ్ళ చుట్టాలు పడవల్లో తెచ్చిన చల్లారిన అన్నం తింటారు. సముద్రంలో మనవాడు ఆకలితో ఉంటే మనం వేడన్నం తినకూడదని. మా ఆఫీసులో ఈ సంగతి తెలిసిన మనిషి ఒక్కతే ఉంది. అది నేను. ఎందుకంటే నేను ఆ వీధిలోనే పుట్టాను.

కమిషనర్ కుముదిని గారు అప్పుడు నా కుర్చీ వెనకే నిలబడి ఉన్నారు. జనవరిలోనే ఈ ఊరు వచ్చారు, పాపం ఆవిడకు గోడ అవతల ఏముందో తెలియదు.

"ఆ వైపు సంగతులు నీకేమైనా తెలుసా గౌరీ?" అని అడిగారు.

"తెలియదండి" అన్నాను. 'అవును' అన్న చోట వేలు పెట్టాను.

ఎందుకలా అన్నానో రాయడానికి ఈ పేజీ చాలదు, ఒక్క మాటలో రాయాలంటే సిగ్గు. పదేళ్ళప్పుడు కొండమీది హాస్టల్లో చేరాను. నా సంచీలో ఎండుచేపల వాసన వస్తోందని పక్క మంచం పిల్ల మంచం దూరంగా జరుపుకుంది. ఆ చప్పుడు నేను మర్చిపోలేదు. సూరాడ గురమ్మను కాస్తా ఎస్. గౌరిని అయ్యాను. ఉద్యోగంలో చేరినప్పుడు సొంత ఊరు అన్న చోట హాస్టలు చిరునామా ఇచ్చాను. అమ్మా నాన్నా పోయాక ఆ వీధికి వెళ్ళడమే మానేశాను. ఆ అబద్ధాన్ని ముప్పై ఐదేళ్ళు గాజు సామానులా జాగ్రత్తగా మోశాను. మార్చిలో ఆ ఒక్క నిమిషంలో దాన్ని కింద పెట్టడం నా చేత కాలేదు.

సెప్టెంబరు 30

ఈ రోజు మా అప్ప ఆఫీసుకు వచ్చింది. మా వైపు అక్కను అప్ప అంటాం. పేరు దానమ్మ, నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద.

నలుగురు ఆడవాళ్ళతో ఖాళీ బిందెలు పట్టుకుని వచ్చింది. అందరి మణికట్లకూ పచ్చ పట్టీలు. వాటి మీద 'సందర్శకులు, సాయంత్రం నాలుగు వరకు' అని రాసి ఉంది. పరిచయంలో వాళ్ళ వార్డు ఖాళీ అని ఉంది కాబట్టి గోడ తలుపుకు వాళ్ళు ఈ ఊరి మనుషులు కారు.

అప్పకు నుదుట బొట్టు లేదు. చేతులకు గాజులు లేవు.

మార్చి నుంచి ఈ రోజు దాకా ఆ సున్నాలు ఎవరి కోసమో నేను కనుక్కోలేదు. ఎవరినీ అడగలేదు. అడిగితే ఎందుకు అడుగుతున్నావంటారని. ఈ రోజు అప్ప నుదురు చూసి తెలుసుకున్నాను. ఎర్రయ్య బావ కోసం. నన్ను హాస్టలుకు దింపడానికి ప్రతిసారీ వచ్చినవాడు ఆయనే. నా సంచీ తన భుజాన వేసుకుని కొండ ఎక్కి, గేటు కనబడగానే ఆగిపోయి, సంచీ నా చేతికిచ్చి పంపేవాడు. గేటు దాకా ఎందుకు రావని నేను ఎప్పుడూ అడగలేదు. ఎందుకు వచ్చేవాడు కాదో నాకు తెలుసు.

అప్ప నా బల్ల ముందు నిలబడి, నా మొహంలోకి కాకుండా బల్ల మీది కాగితాల్లోకి చూస్తూ మాట్లాడింది.

"మేడమ్ గారండీ, ఆర్నెల్లయింది మా యీదిలో కుళాయి రాటం నేదండి. గోడ తలుపు ఇదివరకు సెయ్యి పెడితే తెరుసుకునీది. ఇప్పుడు పట్టీ కట్టి పంపుతంది. మా ఊర్లో మాకు పట్టీ ఏటండి?"

నేను నోరు తెరిచేలోపు కుముదిని గారు తన గదిలోంచి బయటికి వచ్చారు. "ఏమిటి గౌరీ? వీళ్ళు నీకు తెలిసినవాళ్ళా?"

అప్పే ముందు సమాధానం చెప్పింది. "నేదండి. మేడమ్ గారిని ఇదే సూడ్డం."

చటుక్కున అంది. ఎప్పటి నుంచో సాధన చేసి పెట్టుకున్నట్టు అంది. నేను "ఫిర్యాదు రాసుకుంటాను" అన్నాను. వాళ్ళు వెళ్ళిపోయాక చూస్తే అప్ప నిలబడిన చోట గచ్చు మీద కొంచెం ఇసుక రాలి ఉంది. స్వీపరు తిట్టుకుంటూ ఊడ్చింది.

అక్టోబరు 3

తలుపుల ఇంజనీరు లాజరు ఈ రోజు హెచ్చరికల కార్యక్రమం తెచ్చి సంతకం పెట్టమన్నాడు. ఏ తలుపు ఎప్పుడు మూస్తారో ఆ జాబితాలో ఉంటుంది. పంతొమ్మిదో తలుపు దగ్గర ఇలా ఉంది: 'మొదటి తుపాను హెచ్చరికకు, సాయంత్రం ఐదింటికి మూత. మళ్ళీ తెరవడం లేదు. మూశాక కాంక్రీటు పోత.'

"అవతల జనం ఉన్నారు కదా లాజరూ" అన్నాను.

"ఉన్నారు మేడమ్. వారానికోసారి చేపలు వాళ్ళ దగ్గరే కొంటాను" అన్నాడు లాజరు. "నాకు తెలిస్తే ఏం లాభం? తలుపుకి తెలియాలి కదా."

"నువ్వు చేత్తో తెరిచి ఉంచలేవా?"

"చేతి చక్రం పీకేసి నాలుగేళ్ళయింది. హెచ్చరిక వస్తే పట్టీ వాళ్ళని కూడా లోపలికి రానివ్వదు. ఉన్నవాళ్ళని బయటికి పంపేస్తుంది. పరిచయం మార్చండి మేడమ్. అది మీ చేతిలో పనే కదా."

ఉత్తరాన ఏరు, దక్షిణాన ఊబి. మెరకకు వెళ్ళే దారి ఆ తలుపులోంచి ఒక్కటే. పడవల్లో పోదామన్నా పక్క ఊళ్ళ చుట్టాలు కూడా ఇసుక మీదే ఉన్నారు. తలుపు మూసుకుంటే రెండు వందల నలభై ఒక్క మంది గోడకూ సముద్రానికీ మధ్య ఉండిపోతారు.

మధ్యాహ్నం నియమాలు తీసి చదివాను. అక్టోబరు ఒకటి నుంచి డిసెంబరు దాకా పరిచయాన్ని మార్చడానికి వీల్లేదు. మొన్నటి నెలాఖరు దాఖలులో మార్చి ఉండవచ్చు, మార్చలేదు. ఒక్క దారి ఉంది. లేఖకురాలు తన సొంత తప్పు ఒప్పుకుంటే మార్చవచ్చు. అందుకు మూడు కావాలి. ఆ సంగతి ఎలా తెలిసిందో రాయాలి. ధ్రువీకరించిన రోజునే తెలుసా లేదా చెప్పాలి. ఆ వార్డులో ఉన్న సొంత మనిషి ఒకరు తలుపు దగ్గర నిలబడి, నేను అక్కడి మనిషినేనని సాక్ష్యం చెప్పాలి.

అన్నీ చదివాను. చదివి తెర మూసేశాను. ఇంకో దారి ఏదైనా ఉంటుందనుకున్నాను.

అక్టోబరు 4

సెలవు పెట్టి గోడ దాటాను. బయటికి వెళ్ళేటప్పుడు తలుపు ఏమీ అడగదు.

వీధి అలాగే ఉంది. వలలు, సరుగుడు కర్రలు, ఎండబెట్టిన చేపల వాసన. ఆ వాసన ముక్కుకు తగలగానే చెయ్యి దానంతటదే కొంగు మీదికి పోయింది. ఈ వయసులో కూడా. నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపించింది.

అప్ప నన్ను చూసి ముందు వీధి అటూ ఇటూ చూసింది, నాతో ఎవరైనా ఆఫీసు వాళ్ళు వచ్చారేమోనని. ఎవరూ లేరని తేలాక అప్పుడు పిలిచింది. "గుంటా, వొచ్చినావేటే! రా, కూకో. తిన్నావేటి?"

కూర్చోగానే ఆమె మొదట అడిగింది కుళాయి గురించి కాదు. "ఆపీసులో నువ్వు తెలీదన్నాను. బాగానే సెప్పినానా? నీ ఉజ్జోగానికేటీ కాలేదు కదా?"

బాగానే చెప్పావన్నాను.

బావ సంగతి తనే చెప్పింది. మార్చి రెండో తారీకున ముగ్గురు వెళ్ళారు, ఇద్దరు ఈదుకుని వచ్చారు. బావ రాలేదు. "ఇరవై ఒక్క రోజులూ గుమ్మంలోనే కూకున్నానే. ఆడొస్తాడని కాదు. అది మూడో రోజుకే తెలిసిపోనాది. నువ్వొస్తావని కూకున్నాను. మళ్ళీ నానే అనుకున్నాను, దానికి కబురెవులు సెప్తారు, దానికెలగ తెలుస్తాది అని."

ఆమె వెనక మూలన పొయ్యి ఉంది. బావ చేత్తో చేసిన మట్టిపొయ్యి, మూడు మొనల మీదా వేళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి. నాకు తెలుసప్పా అని అప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు. దానికి బదులు నేను ఆలోచించి తెచ్చిన ఉపాయం చెప్పాను. ఎల్లుండి పొద్దున పది గంటలకు కాపలా డేగ వస్తుంది, చిన్న చిన్న మంటలు దానికి ఆనవు, అప్పుడు అరవై మూడు ఇళ్ళలోనూ ఒక్కసారి పొయ్యిలు వెలిగించండి, బాగా మంట పెట్టండి, అది చూసి పైకి చెబుతుంది, మళ్ళీ లెక్క పెడతారు అన్నాను.

"అంతేనా? ఆమాత్రం మేం సెయ్యలేమేటి?" అంది అప్ప. వీధిలో అందరికీ తనే వెళ్ళి చెప్పింది. "మా సెల్లి సెప్పింది" అనలేదు. "ఆపీసు మేడమ్ గారు సెప్పినారు" అంది.

నేను తెలివైనదాన్నని దారంతా అనుకుంటూ వచ్చాను.

అక్టోబరు 6

పదింటికి అరవై మూడు పొయ్యిలూ వెలిగాయి. పండగ అనుకున్నారట పిల్లలు. చాలా ఇళ్ళలో వంజరం పులుసు పెట్టారు.

కాపలా డేగ చూసింది. పరిచయం చదివింది. జనం లేని చోట అరవై మూడు మంటలు. చెత్త తగలబడుతోందని దానికి అర్థమైంది. ఇరవై నిమిషాల్లో నీటి డేగలు పన్నెండు వచ్చి సముద్రపు నీళ్ళు పోశాయి. తాటాకు కప్పుల మీదా, పొయ్యిల మీదా, పులుసు కుండల్లోనూ పోశాయి. ఆర్పిన పొయ్యి మళ్ళీ రాజుతోందేమోనని రెండోసారి తిరిగివచ్చి కూడా పోశాయి. అవి పనిమంతమైన యంత్రాలు.

ఇదంతా లాజరు గోడ మీంచి చూసి వచ్చి చెప్పాడు. "ఒక ముసలామె మట్టిపొయ్యి మీద పడుకుండిపోయింది మేడమ్, తడవకుండా. అయినా కరిగిపోయింది." ముసలామె అన్నాడు. మా అప్పకు యాభై ఐదేళ్ళు.

మధ్యాహ్నం నా తెర మీదికి కాగితం వచ్చింది. 'పంతొమ్మిదో వార్డు, ఖాళీ స్థలం. అరవై మూడు మంటలు ఆర్పడమైనది. ధ్రువీకరించండి.' ధ్రువీకరించకపోతే డేగలు మళ్ళీ వెళతాయి. ధ్రువీకరించాను. ఏడు నెలల్లో ఆ వీధి పొయ్యిలు రెండుసార్లు ఆరిపోయాయి. మొదటిసారి సముద్రం వల్ల, రెండోసారి నా వల్ల.

అక్టోబరు 10

నిన్నటి సంగతి రాస్తున్నాను. నిన్న రాయడానికి వీలుపడలేదు.

పొద్దున ఎనిమిదింటికి మొదటి హెచ్చరిక వచ్చింది. సాయంత్రం ఐదింటికి తలుపు మూత. కుముదిని గారి గదికి వెళ్ళి నిలబడ్డాను. కూర్చోమన్నారు, కూర్చోలేదు. మొత్తం చెప్పాను. పుట్టిన వీధి, మార్చిలో సున్నాలు, పొయ్యి మూత, మొన్నటి నీళ్ళు. ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. చివర్న మాత్రం "ఆ రోజు నిన్ను అడిగాను కదా" అన్నారు.

"అడిగారండి."

"నాకు నీ మొహం చూడాలని లేదు గౌరీ. కాగితం నింపు."

నింపాను. ఎలా తెలిసింది అన్న చోట 'నేను ఆ వీధిలో పుట్టాను, పేరు సూరాడ గురమ్మ' అని రాశాను. ఆ పేరు రాయడానికి అక్షరాలు వెతుక్కోవాల్సి వచ్చింది. ధ్రువీకరించిన రోజునే తెలుసా అన్న చోట 'తెలుసు' అని రాశాను. అక్కడ సొంత మనిషి అన్న చోట అప్ప పేరు రాశాను. దాఖలు కాగానే తెర మీద ఒక వాక్యం వచ్చింది: మీ ఉద్యోగం ఈ తుపాను విధులతో ముగుస్తుంది. చదివితే పెద్దగా ఏమీ అనిపించలేదు.

నాలుగున్నరకు పంతొమ్మిదో తలుపు దగ్గరికి చేరాం. నేను, కుముదిని గారు, లాజరు. గాలి అప్పటికే ఇసుకను మొహాన కొడుతోంది. అవతల వీధి వీధంతా మూటలతో నిలబడి ఉంది. ముసలివాళ్ళను మంచాల మీద మోసుకొచ్చారు. తలుపు చట్రంలో చెయ్యి పెట్టే పలక ఉంది, మాట్లాడే జాలీ ఉంది. అప్పను ముందుకు పిలిచాం.

తలుపు మర్యాదగా అడిగింది. "దానమ్మ గారూ, మీ ఎదురుగా ఉన్న ఈ వ్యక్తి మీ చెల్లెలేనా? ఈ వీధిలో పుట్టిన మనిషేనా?"

అప్ప నన్ను చూసింది. నా వెనక కమిషనరు గారిని చూసింది.

"కాదండి" అంది. "ఈ మేడమ్ గారు మాకేటీ కారు."

నన్ను కాపాడుతోంది. కాగితంలో ఏముందో ఆమెకు తెలియదు. నా ఉద్యోగానికి ఏదో ముప్పు వచ్చిందనుకుంది. ముప్పై ఐదేళ్ళుగా నేను నేర్పిన పాఠం ఒక్క పొల్లు పోకుండా అప్పజెప్పింది.

"సాక్ష్యం సరిపోలేదు" అంది తలుపు. "ఇంకొక్కసారి అడుగుతాను. సమయం నాలుగు నలభై ఆరు."

వెనక ఎవరో పసిపిల్ల ఏడుస్తోంది. నేను తలుపు గడప దగ్గరికి వెళ్ళి అప్ప చెయ్యి పట్టుకున్నాను. ఎన్నో ఏళ్ళుగా నా నోటికి రాని మాట తీరు ఎక్కడి నుంచి వచ్చిందో వచ్చింది.

"అప్పా, నిజం సెప్పీ. నా ఉజ్జోగం పోనాది, దాని గురించి సూడకు. నానే రాసినాను ఈ యీది ఖాళీ అని. మార్చిలో పొయ్యిలు సున్నా అని వొచ్చింది. పొయ్యి మూసినారని నాకు తెలుసు. తెలిసే రాసినాను."

అప్ప చెయ్యి నా చేతిలో ఉంది.

"తెలుసా?" అంది.

"తెలుసు."

"మీ బావని తెలుసా?"

"ఎవులో తెలీదు. ఎవులో సముద్రంలో ఉండిపోనారని తెలుసు."

"ఎవులని అడగలేదేటి?"

"అడగలేదు."

అప్ప నన్నే చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండునని ఎంత కోరుకున్నానో. ఇరవై ఒక్క రోజులు గుమ్మంలో కూర్చున్న మనిషి ఆ రోజులన్నీ మళ్ళీ ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకుంటున్నట్టు ఉంది. తర్వాత నా చేతిలోంచి తన చెయ్యి తీసుకుని పలక మీద పెట్టింది. గట్టిగా, వీధంతా వినేలా చెప్పింది.

"మా సెల్లే. గురమ్మ. ఈ యీదిలోనే పుట్టినాది. మా అమ్మ కడుపునే పుట్టినాది."

పచ్చ దీపం వెలిగింది. అప్ప ఇంక నావైపు చూడలేదు. వెనక్కి తిరిగి, "ముందు మంచాలు పోనీండి, తరవాత పిల్లలున్నోళ్ళు" అని వీధిని లోపలికి నడిపించింది. తను అందరికంటే చివర వచ్చింది. ఐదింటికి తలుపు మూసుకుంది. కాంక్రీటు పోయలేదు.

అక్టోబరు 13

తుపాను వెళ్ళిపోయింది. పంతొమ్మిదో వార్డులో నలభై నాలుగు ఇళ్ళు లేవు. మనుషులందరూ ఉన్నారు. పురపాలక సంఘం సమావేశ మందిరంలో నాలుగు రోజులుగా పడుకుంటున్నారు. మణికట్లకు పట్టీలు లేవు.

ఈ రోజు పొద్దున నా ఆఖరి దాఖలు. తప్పు ఒప్పుకున్నాను కాబట్టి మార్చనిచ్చింది. ఉప్పలరేవు పురపాలక సంఘం. వార్డులు పంతొమ్మిది. నివాసులున్న వార్డులు పంతొమ్మిది. ముఖ్యమైన వృత్తులన్న చోట చేపల వేటను ముందుకు తెచ్చాను, 'కొంతవరకు' తీసేశాను. ఆచారాలు అన్న చోట ఇన్నాళ్ళూ ఖాళీగా ఉంచాను. అక్కడ పొయ్యి మూత గురించి రాశాను, ఈసారి డేగ సున్నాలు చూస్తే జనం లేరనుకోకుండా ఎవరు పోయారో అడిగేలా. మార్చిలోనైతే ఇది నాలుగు నిమిషాల పని.

చివర్లో తెర నన్ను ఒక ప్రశ్న అడిగింది. 'మీరు పంతొమ్మిదో వార్డులో పుట్టినట్టు నమోదైంది. క్వార్టర్సు ఖాళీ చేస్తున్నారు కనుక మీ నివాసం అక్కడికి మార్చాలా? అప్పుడు నివాసులు 242.' 'అది ఆ వీధి వాళ్ళు చెప్పాలి' అని రాసి, 241 గానే ఉంచి దాఖలు చేశాను.

మధ్యాహ్నం ఆఫీసు వరండాలో రాళ్ళు పేర్చి పొయ్యిలు పెట్టారు. కుముదిని గారే అనుమతి ఇచ్చారు. పొగకు గోడలు నల్లబడ్డాయి, ఎవరూ ఏమీ అనలేదు. వీధి వాళ్ళు వరసగా కూర్చుని తిన్నారు. లాజరును కూడా పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. నేను నా సామాను అట్టపెట్టెలో సర్దుకుని మెట్ల మీద కూర్చున్నాను, వెళ్ళడానికీ ఉండడానికీ కాకుండా.

అందరికీ వడ్డించాక అప్ప ఒక పళ్ళెం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. అన్నం, చేపల పులుసు. వరండాలో ఆఫీసు వాళ్ళెవరూ లేరు. మమ్మల్ని చూసి ఏమైనా అనుకునేవాళ్ళు ఈ ఊళ్ళో ఇంకెవరూ మిగల్లేదు. పళ్ళెం నా పక్కన మెట్టు మీద పెట్టింది.

"మేడమ్ గారండీ" అంది. "మీరూ తినండి."

అని వెళ్ళిపోయింది. పళ్ళెంలో అన్నం పొగలు కక్కుతోంది. ఆకలిగానే ఉంది. అయినా చెయ్యి పెట్టలేదు. బావ పోయి ఏడు నెలలు దాటింది, నా వంతు పొయ్యి మూత నేను ఇంకా చేయలేదు. పక్కన కూర్చుని, అన్నం పూర్తిగా చల్లారాక తిన్నాను.